థర్మాకోల్ కోడి

"ప్లగ్గు పీకేస్తున్నా" అంది ఆవిడ, వంటగట్టు మీది థర్మాకోల్ పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి.

"ఒక్క పూట ఆగవే! కోడిపిల్లలు ఇవాళో రేపో బయటికొస్తాయి" అన్నాడు భర్త. గడియారాలు బాగుచేసే మనిషి. పెట్టెకు బల్బూ ఫ్యానూ బిగించి, గుడ్లు పొదిగే ఆ ఇంక్యుబేటర్ని తనే తయారుచేశాడు.

"గడువు నిన్నటితో అయిపోయింది. మురిగిన గుడ్లకు కాపలా కాస్తున్నారు! వంటింట్లో నాకు చోటు లేకుండా పోయింది. చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నా, వింటేగా!"

పెట్టెలోంచి సన్నగా 'కియ్' మని వినిపించింది.

ఆవిడ చెయ్యి ప్లగ్గు మీదే ఆగిపోయింది.

"అమ్మలూ, నేనురా!" అన్నాడతను, గాజు మూత మీదికి వంగి. చప్పుడు లేదు. "నా బంగారు కొండలూ!" ఊహూఁ.

"అలా మీద పడకండి, హడలిపోతాయి!" అంది ఆవిడ.

కియ్. కియ్ కియ్.

అతను మెల్లగా తలెత్తాడు. "పొద్దస్తమానం ఇక్కడే నిలబడి నన్ను తిట్టావు కదా. గుడ్డులోంచే విన్నాయి. నిన్నే తల్లి అనుకుంటున్నాయి. తిట్టవే, ఆపకు!"

ఆవిడ చెయ్యి ప్లగ్గు మీంచి జారిపోయింది. నోరు తెరిచింది. కాపురానికొచ్చాక మొదటిసారి, ఒక్క తిట్టూ నోటికి రాలేదు.

"బట్టలు... ఆరేశారా?" అంది.

"లేదు" అన్నాడతను.

కిటికీలోంచి తీగ మీద అతను ఆరేసిన బట్టలన్నీ బారుగా కనబడుతూనే ఉన్నాయి.

"చెప్పిన పని ఒక్కటైనా చేశారా అసలు?" అని అందుకుంది ఆవిడ, పెట్టె పక్కకు కుర్చీ లాక్కుంటూ.