కొమ్మ వంచిన చెయ్యి

“నీకేం పని ఈడ? లోపల కవులు పద్యాలు చదువుతున్నరు. పో, పో!” కల్వకుర్తి గ్రంథాలయం గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టాడు కాపలా గాలయ్య.

“జర పోనియ్యి అన్నా. నా బిడ్డ ఫోటో ఉన్నదట. ఒక్కపారి చూసి పోత,” అంది నాగులమ్మ.

“గివి ఉగాది పోటీలు. పూలమీద పద్యాలు, పూల ఫోటోలు. నీ బిడ్డ ఫోటో గీడెందుకుంటది?”

“మోదుగుపూల ఫోటోకు ఫస్టు ప్రైజొచ్చిందట గద. గా చెట్టుకాడ నా మైసిని నిలబెట్టే తీసిండట ఫోటోలాయన. ఇంటికొచ్చి ఎగురుకుంట చెప్పింది. వారం దినాలకే అమ్మోరు పోసింది. పోయి ఇరవై దినాలు గాలే. కండ్లు మూస్తే బిడ్డ మొకం సరిగ్గ ఆనుతలేదన్నా.”

గాలయ్య చెయ్యి దించాడు.

లోపల, ‘1958 వసంతోత్సవం’ అని రాసి కట్టిన గుడ్డ కింద నిలబడి, ఒక పెద్దమనిషి మోదుగుపూలను వనలక్ష్మి పాదాల పారాణి అంటున్నాడు. చప్పట్లు మోగుతున్నాయి. నాగులమ్మ గోడ వెంబడి ఒక్కొక్క ఫోటో చూసుకుంటూ పోయి, రిబ్బను కట్టినదాని ముందు ఆగింది. విరగబూసిన కొమ్మ. దాన్ని వంచి పట్టుకున్న చిన్న చెయ్యి. మోచేతి దాకే. అక్కడితో ఫోటో అయిపోయింది.

“గిది మైసి చెయ్యే! మిగిలిన పిల్ల ఏది?”

చదివే పద్యం ఆగిపోయింది. ఆ ఫోటో తీసినాయన, పేరు పర్వతాలు, గబగబా లేచొచ్చి, సంగతి విని మెత్తబడిపోయాడు.

“పూలే కనబడాలన్నరమ్మా పోటీలోల్లు. అందుకే మనిషిని కత్తిరించిన. నిండు ఫోటో నా దుకాణంల ఉన్నది. రా, ఇస్త.”

బస్టాండు పక్కనున్న ఆ దుకాణం దాకా నాగులమ్మ నడవలేదు, ఉరికింది. ఎన్నాళ్లకో ఆమె గుండె కాస్త చల్లబడింది. పర్వతాలు పెట్టె అడుగునుంచి ఫోటో తీస్తుంటే, చెమట చేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది.

పిగిలిన లంగా, దుమ్ము కాళ్లు, నూనె లేని జడ. తల నుంచి పాదం దాకా మైసే. కానీ తల అవతలికి తిరిగి ఉంది. మొకం లేదు.

“ఇంకోటి లేదా సారూ?” ఆమె ఫోటోను వెనక్కి తిప్పి చూసింది.

“లేదమ్మా. రీల్ల గదే ఆఖరుది. ముందుగాల నవ్వుకుంట నా దిక్కే చూసింది. నేను నొక్కేటాల్లకు చేన్లకెల్లి ఎవరో ‘ఓ మైసీ!’ అని కేకేసిన్రు. గంతే, అటు తిరిగింది.”

ఆ పొద్దు ఆ చేన్లో జొన్న కోస్తున్నది నాగులమ్మ ఒక్కతే.