మావ మెచ్చిన పెట్టె

బొబ్బిలిలో ఏది మోగినా మా చంద్రమౌళి మావ చెవి దగ్గర పాసవ్వాలి. నలభై ఏళ్లుగా వీణలు చేస్తున్న మనిషి కదా! పెళ్లి మైకులకీ, పక్కింటి టీవీకీ కూడా అడక్కుండానే మార్కులేస్తాడు.

అందుకే 2004లో కొన్న నా ఎంపీత్రీ ప్లేయర్‌ని తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

అదేదో వీణకి తెచ్చిన పనస చెక్క అయినట్టు వేలితో కొట్టి చూశాడు. "ఏటే ఇది, అగ్గిపెట్టా? ఎన్ని పాటలు పడతాయేటి?"

"ముప్పై, మావా."

"నా ఫోన్లో మూడు వేలున్నాయి. దీన్ని పాత సామాన్ల బండికేసెయ్."

కొత్త సెల్లు వేసి, ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో పెట్టి, అప్పట్లో నేను రికార్డు చేసిన వీణ వినిపించాను. మావ కళ్లు మూసుకున్నాడు. పాట సగంలోనే తీర్పు వచ్చేసింది.

"పెట్టె మంచిదేనే. ఉన్నదున్నట్టు సెప్తన్నాది. వాయించినోళ్ల సేతి ఏళ్లు బంగారం. వీణ మీద మూడో మెట్టే తప్పు పలుకుతన్నాది. మైనంలో ఆ మెట్టు కూర్చినోడెవడో గాని, ఆడికి సెవుల్లేవు."

"వాయించింది అమ్మ, మావా. ఆ వీణ నువ్వే సేసి ఇచ్చినావు. తప్పు అమ్మ సేతి ఏళ్లలోనే ఉన్నాదని నువ్వు సెప్పిన రోజే అమ్మ దానికి దుప్పటి కప్పేసింది. ఇరవై ఏళ్లయింది."

మావ ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"సెల్లు అయిపోయినట్టున్నాది," అన్నాడు.

నా అరచేతిలో అమ్మ ఇంకా వాయిస్తూనే ఉంది.