ఎడమ కొస

కంప్యూటర్లో ఇన్వర్షన్ లెక్క మళ్ళీ మొదలైంది. తెర మీద రంగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ సర్దుకుంటున్నాయి. నేలలోకి కరెంటు పంపి తీసిన కొలతల నుంచి లోపల ఏముందో బొమ్మ కట్టడం ఆమె పని. ఈసారి ఆ నేల ఆమె పుట్టి పెరిగిన వీధిది. కింద పాత గని సొరంగం ఉందని వీధిలో అందరికీ తెలుసు. ఎవరి ఇంటి కిందో మాత్రం ఎవరికీ తెలియదు.

కరెంటుకు నేల ఎంత అడ్డుపడుతుందో చూపే రెసిస్టివిటీ బొమ్మలో ఎడమ కొసన నీలి మచ్చ తేలింది. బంకమట్టి కావచ్చు, నీళ్ళు నిండిన గుల్ల కావచ్చు. తేల్చేది రెండో బొమ్మ. కరెంటు ఆపేశాక కూడా బంకమట్టి దాన్ని కాసేపు పట్టుకుని ఉంటుంది. నీళ్ళు వెంటనే మరిచిపోతాయి.

రెండో బొమ్మలో ఆ చోట కరెంటు జాడే లేదు. అంటే గుల్లే.

బొమ్మలో ఎడమ కొస అంటే, కరెంటు పంపడానికి వీధి పొడవునా పాతే కడ్డీల్లో ఒకటో కడ్డీ ఉన్న చోటు. ఆఫీసులో అందరూ కడ్డీల మామ అని పిలిచే ఆయన ఎప్పుడూ రోడ్డు వైపు నుంచే మొదలుపెడతాడు. రోడ్డు పక్కన ఉన్నది కుట్టుమిషన్ అత్త ఇల్లు. అమ్మ ఇల్లు వీధికి ఆ చివర.

గుండెల మీంచి బరువు దిగిపోయింది. మరుక్షణమే, ఒకరి ఇల్లు కుంగుతుందని తెలిసి తను ఊపిరి పీల్చుకున్నట్టు ఆమెకు అర్థమైంది. ఆ సిగ్గుతోనే అమ్మకు ఫోన్ చేసింది.

"అత్తని ఇప్పుడే మనింటికి తీసుకొచ్చెయ్."

"కిటికీకి సగం వచ్చేట్టు కర్టెన్లు కుట్టిన మనిషినా? ఆవిడతో నాకు మాటల్లేవు కదే."

"ఆవిడ ఇల్లు కుంగిపోవచ్చమ్మా."

అవతల అమ్మ చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు.

"మిషన్‌తో సహా తెస్తాలే," అంది అమ్మ. పెట్టేయబోతూ, వంటింటి తలుపు మళ్ళీ పట్టేస్తోందనీ, వడ్రంగికి చెప్పాలనీ గుర్తుచేసింది. తర్వాత చూద్దామంది ఆమె.

మిగతాదంతా గంట తర్వాత అమ్మ మళ్ళీ చేసిన ఫోన్లోనే తెలిసింది. అత్త రానని మొండికేస్తే అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చిందట. మిషన్ మోయడానికి వచ్చిన ఇరుగుపొరుగు టీ తాగుతూ అక్కడే చతికిలబడ్డారట. ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదట. మాటల మధ్య మిషన్ టకటకలు వినిపించాయి. అత్త ఆ కర్టెన్లకే అడుగున గుడ్డ అతుకుతోంది. అమ్మ నవ్వు అంత గట్టిగా విని ఎన్నాళ్ళో అయింది.

ఆమె ఫోన్ పెట్టేసేసరికి కడ్డీల మామ కేబుల్ చుట్ట తెచ్చి మూలన దించాడు. మీ అమ్మగారిది ఎంత మంచి మనసమ్మాయ్, అన్నాడు. ఎండన పడి వెళ్తే పిలిచి అరుగు మీద కూర్చోబెట్టారట. మంచినీళ్ళిచ్చి, కొలతల పెట్టె నీడలో పెట్టుకోమన్నారట. ఆ నీడ వదిలి మళ్ళీ రోడ్డు దాకా మోసుకెళ్ళ బుద్ధి కాలేదట.

"అందుకే ఈసారి ఒకటో కడ్డీ ఆవిడ గుమ్మం పక్కనే పాతేశాను."