అటు కొస

పెద్దమనిషి ఆ వైర్ల షాపు ముందు మూడుసార్లు అటూ ఇటూ నడిచి, నాలుగోసారి మెట్టెక్కాడు. సంచిలోంచి పాత వీడియో క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

“దీన్ని టీవీలో చూడాలండి. రికార్డరు నుంచి టీవీకి కలిపే వైరు కావాలి.”

షాపాయన ఎవరిదో మిక్సీ విప్పి కూర్చున్నాడు. ఆ మిక్సీ తాలూకు ఆవిడ ఎదురుగా స్టూలు మీద ఉంది. ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే తుడుచుకున్నాడు.

“చెప్పండి సార్. టీవీకి కన్నాలెన్ని?”

ఆ షాపులో అంతే. ప్రశ్నలు పూర్తయితే గానీ వైరు తెగదు. డాక్టరు కూడా ఇన్ని అడగడని వీధిలో చెప్పుకుంటారు. అయినా అక్కడ ఒకసారి కొంటే మళ్ళీ మెట్టెక్కాల్సిన పనుండదని అందరూ ఓర్చుకుంటారు.

“మూడు. పసుపు, ఎరుపు, తెలుపు.”

“పసుపు బొమ్మకి. మిగతా రెండూ మాటకి. మీటరున్నర సరిపోతుందా?”

“పన్నెండు మీటర్లు.”

మిక్సీ ఆవిడ నోరు ఊరుకోలేదు. “టీవీ కిందే కదండీ రికార్డరు పెట్టుకునేది? చాంతాడంత వైరు దేనికి, బట్టలారేసుకోడానికా?”

“రికార్డరు గోడకి అవతలుందమ్మా.”

“ఇవతలికి తెచ్చుకుంటే పోలా?”

“అది వచ్చేది కాదు” అన్నాడు పెద్దమనిషి, పట్టుదలంతా రికార్డరుదే అయినట్టు.

షాపాయన నవ్వలేదు. వైరు చుట్ట కిందకి దించి, బల్ల అంచున కొట్టిన మేకుల మధ్య కొలవడం మొదలుపెట్టాడు.

“పన్నెండు చాలదు సార్. మూల తిరగాలి. పదమూడున్నర ఉంచుకోండి.”

“అవునండోయ్, మూల సంగతి మర్చేపోయాను.”

“అంత దూరానికి సన్నవైరు పనికిరాదు. బొమ్మ మీద గీతలు పడతాయి. దళసరిది తీసుకోండి.”

“దళసరిదే ఇవ్వండి. గీతలు పడితే కష్టం. మా అమ్మ చూడాలి. రెండో కంటికి ఆపరేషనైంది. మొన్ననే కట్టు విప్పారు. ముందు మా నాన్ననే చూస్తానని పట్టుబట్టింది.”

“క్యాసెట్టులో మీ నాన్నగారా?”

“ఆయనే. పోయి తొమ్మిదేళ్ళైంది. ఫొటోలున్నాయి గానీ, ఆయన కదిలేదీ మాట్లాడేదీ ఇందులో ఒక్కదాన్లోనే.”

షాపాయన క్యాసెట్టుని వెలుతురుకేసి పట్టి చూశాడు. టేపు అంచు పొడుగునా తెల్లగా బూజు.

“ఒక్కసారి ఆడుతుంది సార్. మహా అయితే రెండుసార్లు. ఆ తర్వాత మీ నాన్నగారు...” అని ఆగిపోయాడు. “ఆ తర్వాత నేను చెప్పలేను.”

“ఒక్కసారి చాలండి.”

వైరు తెగింది.

“అమ్మగారికి ఇప్పుడు బాగా కనిపిస్తోందా?”

“బ్రహ్మాండంగా. హాల్లో అడ్డగోడకి పగులొచ్చిందని నిన్న ఆవిడే చూపించింది. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో తిరుగుతున్నాం, మా కళ్ళకి ఆనలేదు.” పెద్దమనిషి వైరు కొసని వేళ్ళ మధ్య నలిపాడు. “అన్నట్టు, గోడకి పెద్ద కన్నం పెట్టలేను. పిన్నులుంటే దూరదు. ఒక కొసకే పిన్నులు బిగించి ఇవ్వండి.”

“మరి అటు కొసకి?”

“అటువైపు వాళ్ళు బిగించుకుంటారు.”

“వాళ్ళకి పనొచ్చా?”

“వచ్చనే వింటున్నాను.”

షాపాయన తల వంచుకుని పిన్నులు అతకడంలో పడ్డాడు. ఆయన ఒకసారి అతికితే ఊడదని ఆ చుట్టుపక్కల పేరు. ఆ పూట పసుపు పిన్నుని మాత్రం రెండుసార్లు అతకాల్సి వచ్చింది.

“పాత రికార్డరు. ఇంకా తిరుగుతుందంటారా?” పెద్దమనిషి గొంతు తగ్గించి అడిగాడు.

“వారానికోసారి ఆన్ చేసి, దుమ్ము తుడుస్తూ ఉంటే తిరుగుతుంది సార్.”

“తుడుస్తూ ఉంటారా?”

“వేసుకోడానికి క్యాసెట్టు లేకపోయినా తుడిచేవాళ్ళుంటారండి.”

పెద్దమనిషి తలూపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

మిక్సీ ఆవిడకి అప్పటికే తన మిక్సీ సంగతి అందరూ మర్చిపోయారని ఉక్రోషంగా ఉంది. అయినా ఉన్నమాట చెప్పకుండా ఉండలేకపోయింది. “మీ సార్లూ అండీలూ వింటుంటే ముచ్చటేస్తోంది. మా ఇంట్లో ఒక్కరికీ ఇంత మర్యాద లేదు.”

ఇద్దరూ ఆవిడ వైపు చూడలేదు. ఒకరి వైపు ఒకరు అసలే చూసుకోలేదు.

షాపాయన వైరు చుట్టచుట్టి కాగితం సంచిలో పెట్టాడు. పెద్దమనిషి జేబులో చెయ్యి పెడుతుంటే, “ముందు బొమ్మ రానివ్వండి సార్” అన్నాడు.

పెద్దమనిషి జేబులోంచి ఖాళీ చెయ్యి తీశాడు. సంచి చంకలో పెట్టుకుని మెట్టు దిగాడు.

“అయ్యో, క్యాసెట్టు మర్చిపోయారండీ” అని మిక్సీ ఆవిడ కేకేసింది.

“మర్చిపోలేదమ్మా” అన్నాడాయన, వెనక్కి తిరక్కుండానే.

షాపాయన లేచి నిలబడ్డాడు. క్యాసెట్టుని రెండు చేతులతో తీసుకున్నాడు. మెట్టు దాకా వచ్చి, వీధిలోకి వినపడేలా అన్నాడు:

“చూసేటప్పుడు సౌండు కాస్త పెద్దదిగా పెట్టు అన్నయ్యా, మన నాన్న మాట గోడకి ఇవతల నాక్కూడా వినపడాలి.”