టీసీ ఇవ్వని కిటికీ

“లైబ్రరీ బాకీ ఉంది. టీసీ రాదు.” కాలేజీ ఆఫీసు కిటికీ అవతల నుంచి క్లర్కు సంధ్యారాణి మేడం తలైనా ఎత్తకుండా అంది.

భోజన్నకు ఒళ్లు మండింది. మార్కెట్ యార్డులో పసుపు కుప్పను బావమరిదికి అప్పగించి, చేతులైనా కడుక్కోకుండా వచ్చాడు. నిజామాబాద్‌లో ఓ ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో కూతురు యమునకు సీటు మాట్లాడాడు. సాయంత్రం అయిదింటిలోగా ఈ డిగ్రీ కాలేజీ నుంచి టీసీ తీసుకెళ్లి ఇవ్వకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

“ఏం బాకీ మేడం?”

“నిన్ననే ఓ పుస్తకం తీస్కున్నది మీ బిడ్డ.”

భోజన్న కూతురి వైపు తిరిగాడు. “కాలేజీ ఇడిసిపెట్టి పోయేటోళ్లు పుస్తకం తెచ్చుకుంటరానే?”

“మర్చిపోయిన బాపూ. ఇంట్ల ఉంది.” బాటనీ ప్రాక్టికల్స్ మధ్యలోంచి వచ్చిన యమున ల్యాబ్ కోటు కూడా విప్పలేదు.

భోజన్న బండి మీద కమ్మర్‌పల్లి వెళ్లి పుస్తకం పట్టుకొచ్చాడు. దారి పొడుగునా ఆఫీసును తిట్టాడు గానీ కూతుర్ని ఒక్క మాట అనలేకపోయాడు. దుబాయిలో ఏళ్ల తరబడి ఎండలో ఇనుము మోసిన మనిషి. అక్కడి దవాఖానల్లో చల్లని గదుల్లో తిరిగే నర్సులను చూసి, నా బిడ్డ ఇట్లా బతకాలని అనుకున్నాడు. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయని, బాటనీయే చదువుతానని మొండికేసిన పిల్ల, నిన్న కాలేజీ నుంచి రాగానే “సరే బాపూ, టీసీ తెచ్చుకుందాం” అంది. ఆ ఒక్క మాట కోసం ఎన్ని కిటికీల ముందైనా నిలబడేవాడు.

తిరిగొచ్చేసరికి కిటికీ మూసి ఉంది. భోజనాల వేళ. తెరిచాక సంధ్యారాణి పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి, కిటికీ గట్టు మీదే పెట్టింది.

“ల్యాబ్ బాకీ లేదని బాటనీ సార్ సంతకం గావాలె.”

“సార్ యాడున్నడు?”

“ప్రాక్టికల్స్ అయ్యేదాక బయటికి రాడు.”

ఇలాంటి ఆఫీసుల్లో నియమాలన్నీ ఒకేసారి చెబితే నోరు అరిగిపోతుందనుకుంటారు కాబోలు, ఒక్కొక్కటే బయటికి తీస్తారు. భోజన్న వరండాలో పులిలా తిరిగాడు. నాలుగు దాటాక సంతకం దొరికింది. సంధ్యారాణి దాన్ని చూసి పక్కన పెట్టింది.

“సెమిస్టర్ నడుమ టీసీ ఇయ్యరాదు. పరీక్షలైనంకనే.”

“గీ ముచ్చట పొద్దుగాల్నే చెప్తే మీ సొమ్మేం పోయేది?” భోజన్న గట్టు మీద గుద్దాడు. గట్టుకు పసుపు అంటింది. “పొద్దటిసంది కుక్కను తిప్పినట్టు తిప్పిన్రు! జీతాలు తీస్కునుడు గిందుకేనా?”

“మీరు అడిగినదానికి జవాబు చెప్పిన. రూల్స్ నేను పెట్టలే.”

“గీ ఆఫీసు ఎప్పుడూ గింతే అన్నా,” అని వరుసలో ఉన్న పిల్లలూ గొంతు కలిపారు. యమున మాత్రం తండ్రి చెయ్యి పట్టుకుంది. “పోనీ బాపూ. రూల్స్ గట్ల ఉంటే ఆమె మాత్రం ఏంజేస్తది?”

ఇంతలో అయిదు దాటింది, ఫోన్ మోగింది. నర్సింగ్ కాలేజీ నుంచే. సీటు ఇంకొకరికి ఇచ్చేశారు. భోజన్న కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ కిటికీని పగలగొట్టాలన్నంత కోపం, ఏమీ చేయలేని ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చాయి.

“నా బిడ్డ నసీబు ఖరాబు చేసినవ్ మేడం. నీకు మంచిగయితదా?”

సంధ్యారాణి రిజిస్టరు పేజీ తిప్పింది.

“ఆ పుస్తకం వాళ్లకే ఇచ్చి రా, పోదాం,” అని భోజన్న బండి తీయడానికి వెళ్లాడు. యమున గట్టు మీది పుస్తకం అందుకుని, ఇవ్వకుండా గుండెకు హత్తుకుంది.

సంధ్యారాణి ఆ రోజు మొదటిసారి తలెత్తింది.

“రూల్స్ అన్నీ నువ్వు నేర్పినట్టే చెప్పిన్నా, యమునా?”