సాక్షి సీసా

ల్యాబ్ తలుపు తన్నుకుని వచ్చిన నా బావమరిది, తను అమ్మే తేనె సీసాను నేలకేసి కొట్టాడు.

“నా తేనెలో పాకం కలిసిందని రాస్తావా బావా? తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?”

“ఇంకా ఏమీ రాయలేదురా! నీ తేనెను మిషన్‌లో పెడితే గ్రాఫులో తెలియని చక్కెర గీత ఒకటి పైకి లేచింది. అదేంటో తేల్చాలి...”

మాట పూర్తికాకముందే నా దవడ పగిలింది. లేవబోతే కడుపులో తన్నాడు. అప్పుడు వాడి కళ్లు బల్ల మీదున్న చిన్న సీసా మీద పడ్డాయి. లోపల తెల్లటి పొడి, పైన ఏదో చక్కెర పేరు.

“ఓహో! నా సరుకులో కలపడానికి ముందే తెచ్చిపెట్టుకున్నావన్నమాట!”

“దాన్ని ముట్టుకోకురా, నీ కాళ్లు పట్టుకుంటా!” అంటూ నిజంగానే పట్టుకున్నాను.

వాడు నన్ను విదిలించుకుని, ఆ సీసాను తేనె మడుగులోకి విసిరి, బూటుకాలితో నుగ్గునుగ్గు చేశాడు.

“అయిపోయింది నీ ఆట” అన్నాడు రొప్పుతూ.

“నాది కాదురా, నీది.” ఊడిన పన్ను ఉమ్మేశాను. “అది తేనెటీగలు వాటంతటవే చేసే చక్కెర, అచ్చమైన నమూనా. గ్రాఫులో అదీ, నీ తేనెలోదీ ఒకేచోట లేస్తే నీది కల్తీ కాదని రుజువయ్యేది. ఊరంతా గాలించి తెప్పించాను. సాయంత్రంలోగా అధికారులకు రుజువు చూపకపోతే నీ కంపెనీకి తాళమే.”

వాడు మోకాళ్ల మీద కూలబడి పొడిని ఏరబోయాడు. గాజు పెంకులకు వేళ్లు తెగాయి. పొడి అప్పటికే జిగటలో కలిసిపోయింది.

వాడి తేనెలో బయటి చక్కెర కలవడం అదే మొదటిసారి.