బకెట్ మోగితే

హలో... హలో, వినబడుతోందా? అందరూ బాగున్నారా?

చూశారా, అడగ్గానే "ఆఁ, బాగున్నాం" అనేశారు. ఆ మాట దగ్గరే వచ్చింది తంటా అంతా. ఫోన్ పెట్టేయకండి, చిన్న కథే.

కంకర మిల్లు వెనకాల ఒక సందు ఉంది. సందు మొదట్లో కరెంటు స్తంభానికి ఒక సొట్టల బకెట్ వేలాడుతుంటుంది.

ఆ పొద్దున బకెట్ ఠంగుఠంగుమని మోగింది.

అంతే, సందులో తలుపులన్నీ టపటపా మూసుకున్నాయి.

ఇస్త్రీ పిన్ని తన బండి దగ్గర్నుంచి ఇంట్లోకి పరిగెత్తి, మొగుడి నోట్లో తువ్వాలు కుక్కింది.

"ఎవరో వచ్చారు. దగ్గావంటే చూడు! మింగెయ్."

ఆయన తువ్వాలు పక్కకి లాగాడు. "ఎట్లా మింగనే, అదేమన్నా అన్నం ముద్దా?"

"కళ్ళు మూసుకుని మింగు. ఇల్లు కావాలా, దగ్గు కావాలా?"

పిన్నికి ఆ భయం ఊరికే పట్టుకోలేదు. ఇంతకుముందోసారి ఇలాగే ఎవరో వచ్చి, "పాపం, దగ్గుందా అమ్మా?" అని ఇంటింటికీ తిరిగారు. ఉందన్నవాళ్ళ తలుపులకి ఎర్ర రంగు పూశారు. ఇది మనుషులుండే చోటు కాదు, ఖాళీ చెయ్యండన్నారు. అప్పట్నుంచీ సందుకంతా ఒకటే కట్టుబాటు. కొత్తవాళ్ళు కనబడితే సందు మొదట్లో వాళ్ళు బకెట్ కొట్టాలి, బకెట్ మోగిందంటే అందరూ ఆరోగ్యవంతులే!

వచ్చింది ఒక బక్కపల్చటి ముసలావిడ. చెప్పు తెగినట్టుంది, చేత్తో పట్టుకుని నడుస్తోంది.

బకెట్ మోతకి ఆవిడ బెదరలేదు. ఆగి, అటూ ఇటూ తలుపుల వంక చూస్తూ, ముఖమంతా నవ్వు చేసుకుని నిలబడింది.

ఎవరూ రాలేదు.

ఆ నవ్వు మెల్లగా ఆరిపోయింది.

పిన్ని గడపకి అడ్డంగా నిలబడింది. "ఏం కావాలి?"

"ఇంట్లో ఎవరికైనా దగ్గుందా అమ్మా?"

"లేదు."

"ఆయాసం?"

"మా ఇంట్లో లేవు. మీ ఇంట్లో ఉంటే పోయి మందేసుకో."

"ఉందిలే, నాకే ఉంది," అని ఆవిడ కాసేపు దగ్గింది. "ఇక్కడ ఆస్పత్రి పెట్టించాలని తిరుగుతున్నానమ్మా. మీలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నాతో వచ్చి కనబడితే చాలు..."

"ఆహా! పోయినసారి వచ్చినోళ్ళూ ఇంతే తియ్యగా మాట్లాడారు."

లోపల్నుంచి గుహ్ మని శబ్దం వచ్చింది.

"అది దగ్గు కదూ?"

"కాదు. పిల్లి."

"పిల్లి చాలా పెద్దదిలా ఉందే!"

"మా పిల్లి, మా ఇష్టం. నీకెందుకు?"

ఎదురింటి మేస్త్రి కిటికీలోంచి అరిచాడు. "దాంతో మాటలేంటి పిన్నీ, తరుము!"

పిన్నికి ఊపొచ్చింది. "ఇది బకెట్ అక్క సందు, తెలుసా? ఇళ్ళు కూలగొట్టే బండొస్తే, ఈ బకెట్టే కొట్టుకుంటూ దానికి అడ్డం నిలబడ్డ మనిషి. మా అత్త చెప్పేది, ఏనుగంత ఉండేదట. నీలాంటోళ్ళని ఒంటిచేత్తో ఎత్తి అవతల పారేసేదట!"

"ఏనుగంతా?" ముసలావిడ ఫక్కున నవ్వింది. నవ్వు కాస్తా దగ్గయింది. "అమ్మాయ్, అసలు నేను..."

బకెట్ అక్క పేరు చెబితే నవ్వడమా? పిన్నికి ఒళ్ళు మండింది. బట్టల మీద చల్లే నీళ్ళు చెంబుతో ఎత్తి ఆవిడ ముఖాన కొట్టింది.

ఎక్కడ్నుంచో ఒక కంకర రాయి కూడా వచ్చి భుజానికి తగిలింది. ముసలావిడ కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది. తెగిన చెప్పు అక్కడే పడిపోయింది.

అప్పుడు తెరుచుకున్నాయి తలుపులు. సందంతా బయటికొచ్చి చప్పట్లు కొట్టింది.

పిన్ని లోపలికి పోయి మొగుడి నోట్లోంచి తువ్వాలు తీసింది. దాని మీద ఎర్రటి మరక.

తలుపు మీద రంగులాగే ఉంది.

ఉతికి ఆరేసింది. ఎవరికీ చెప్పలేదు.

వానలొచ్చి పోయాయి. మొగుడు మంచం దిగలేకపోయాడు. పెద్దరోడ్డు అవతల, మేడల మధ్య కొత్త ఆస్పత్రి పెట్టారని తెలిసి, పిన్ని ఇస్త్రీ బండి మీదే ఆయన్ని పడుకోబెట్టి తోసుకుంటూ పోయింది.

డాక్టరమ్మ ఆయన గుండెల మీద గొట్టం పెట్టి చూసి మండిపడింది. "ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారు?"

"దగ్గర్లో ఆస్పత్రి లేదు కదమ్మా! మేడలోళ్ళకి పెట్టే బదులు మా కంకర మిల్లు సందులో పెట్టొచ్చుగా?"

"మీ సందులో దగ్గేవాళ్ళే లేరన్నారుగా! ఉన్నారని ఒకే ఒకావిడ మా పై అధికారుల్తో పోట్లాడింది. అయితే ఒక్క రోగినైనా తీసుకొచ్చి చూపించమన్నారు. వెళ్ళింది. తడిసిన బట్టల్తో, ఒంటి చెప్పుతో తిరిగొచ్చింది."

పిన్ని డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆవిడెక్కడుంటుందమ్మా? ఒక్కసారి కనబడాలి."

"అదిగో, ఆ మూల మంచం మీదే ఉండేది. ఆవిడదీ ఇదే జబ్బు. పోయిన నెలే పోయింది."

ఆ మంచం మీద దుప్పటి మడత నలగకుండా ఉంది. పిన్ని దాన్నే చూస్తూ అడిగింది. "మమ్మల్ని... బాగా తిట్టుకుందా?"

"తిట్టలేదు. ఒకటే మాట అంటుండేది. 'నేను కొట్టినప్పుడు అందరూ బయటికొచ్చేవాళ్ళు డాక్టరమ్మా, ఇప్పుడు అదే బకెట్ మోగితే లోపలికి పోతున్నారు' అని."

అదండీ సంగతి. మీకు తెలిసినవాళ్ళలో దగ్గు మింగుతున్నవాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు, ముందు వాళ్ళకి ఈ వాయిస్ మెసేజ్ పంపండి. తర్వాత మీ సందులో అందరికీ పంపండి. బకెట్ మోగించినట్టే అనుకోండి, కాకపోతే ఈసారి బయటికి రమ్మని.